లోన్ తీరింది, ఆర్సీలో అప్పు తీరలేదు

సంపాదకులకు నమస్కారం.

నా కారు లోను ఆఖరి ఈఎంఐ కట్టింది 2019లో. కొన్నాళ్లకు ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌వోసీ, అంటే లోను తీరింది మాకు అభ్యంతరం లేదనే పత్రం, దాంతోపాటు ఆర్సీలోంచి వాళ్ల పేరు తీయించడానికి ఇచ్చే ఫారం 35 వచ్చాయి, సంతోషంగా చూసుకుని బీరువాలో పెట్టేశాను. అప్పు తీరిపోయిందిగా, ఇంకేముంది అనుకున్నాను. మొన్నీమధ్య కారు అమ్ముదామని బేరం కుదుర్చుకుంటే, కొనేవాళ్ల అబ్బాయి ఫోన్‌లో ఆర్సీ వివరాలు తీసి "అంకుల్, దీని మీద ఇంకా ఫైనాన్స్ ఉంది కదా" అన్నాడు. ఎప్పుడో తీర్చేశాను బాబూ అంటే నమ్మేదెవరు? ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టను, వాళ్ల చోట నేనున్నా అదే చేసేవాణ్ని.

బీరువాలో ఎన్‌వోసీ తీసి చూస్తే కింద చిన్న అక్షరాల్లో 90 రోజుల గడువు. కొత్తది తెచ్చుకుందామంటే ఆ కంపెనీ ఈలోగా ఇంకో కంపెనీలో కలిసిపోయింది, కస్టమర్ కేర్ వాళ్లకు నా లోన్ నంబరే దొరకదు. రెండు నెలల టెన్షన్.

ఈ తిరుగుళ్లలో తెలిసిందేమిటంటే, 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో హైపోథికేషన్, అంటే ఈ బండిని హామీగా పెట్టి ఫలానా ఫైనాన్సర్ దగ్గర అప్పు తీసుకున్నారనే నమోదు, అదే మనం హెచ్‌పీ అంటామే, అది ఉన్నంతకాలం ఫైనాన్సర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బండి ఇంకొకరి పేరుకు మారదు. అదే చట్టంలో ఓనరు అంటే ఎవరని చూస్తే, ఇలా ఫైనాన్స్ ఉన్న బండికి ఓనరు దాన్ని వాడుకుంటున్న మనమేనని ఉంది. అంటే చలానా వస్తే ఓనర్ని నేను, యాక్సిడెంట్ అయితే ఓనర్ని నేను, అమ్ముకుందామంటే మాత్రం ఇంకొకరి సంతకం కావాలి! అప్పు ఉన్నన్నాళ్లు అది న్యాయమే, డబ్బిచ్చినవాడికి ఏదో ఒక భరోసా ఉండాలి కదా. తీరిన తర్వాత కూడానా?

మా పక్కింటాయన ఒక సలహా ఇచ్చారు. పేరు మార్పుకు ఇచ్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి కారు ఇచ్చేయండి, పేరు మార్పు సంగతి కొన్నవాడు చూసుకుంటాడని. చాలామంది చేసేది అదే, దయచేసి ఆ పని చెయ్యకండి. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఇలాగే కారు చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో పేరు మాత్రం మొదటి ఆయనదే. ప్రమాదం జరిగితే, ఎవరికి అమ్మారో మాకనవసరం, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే నష్టపరిహారం కట్టాలని సుప్రీంకోర్టు తేల్చేసింది.

నేను అడిగేది ఒక్కటే. కారు కొన్న రోజు షోరూంలో మనం పదిచోట్ల సంతకాలు పెట్టేసి వస్తే చాలు, హెచ్‌పీ దానంతటదే ఆర్సీలోకి ఎక్కిపోతుంది. తీసేయడానికి మాత్రం మనమే గుర్తుపెట్టుకుని, మనమే అప్లికేషన్ పెట్టి, మనమే ఫీజు కట్టాలి, ఎందుకని? లోన్ క్లోజ్ చేసినవాళ్లే ఆ సంగతి నేరుగా రవాణా శాఖకు పంపేలా చేస్తే ఏం పోయింది? రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. పర్సనల్ లోన్లు, అంటే వ్యక్తులకిచ్చే ఇంటి లోన్ల వంటివి, పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి, రిజిస్ట్రీల్లో ఉన్న ఛార్జి, అంటే ఆస్తి మీద తమ హక్కు నమోదు, తీయించాలి, తమవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి అని. ఆర్సీలో ఉన్న హెచ్‌పీకి కూడా ఇదే లెక్క అని ఒక్క ముక్క స్పష్టంగా చెబితే నాలాంటి వాళ్లకు ఇంత తిరుగుడు ఉండదు.

అందాకా, లోన్ తీరినవాళ్లు ఈ రోజే ఒకసారి ఆన్‌లైన్‌లో మీ ఆర్సీ చూసుకోండి. ఎన్‌వోసీ చేతికొచ్చిన వారంలోనే ఫారం 35తో అప్లై చేసేయండి, నాలాగా బీరువాలో పెట్టకండి.

నా హెచ్‌పీ మొత్తానికి గత వారం పోయింది. ఇన్సూరెన్స్ పాలసీలో మాత్రం ఆ పాత కంపెనీ పేరు ఇంకా అలాగే ఉంది, రేపు కారు దొంగలెత్తుకుపోతే క్లెయిమ్ డబ్బు కోసం ముందు వాళ్ల పేరే చూస్తారు. దాన్ని తీయించడానికి వేరే అప్లికేషన్ పెట్టాలట.

ఇట్లు,
ఒక పాఠకుడు