భ్రమణం, భ్రమ, తిరుగుడు

అమ్మలూ,

భ్రమణం, పరిభ్రమణం ఎప్పుడూ తారుమారు అవుతున్నాయని రాశావు. "పరి" అంటే చుట్టూ. పరిధి, పరిసరం అన్న మాటల్లో ఉన్నదీ అదే. భూమి తన అక్షం మీద తాను తిరిగితే భ్రమణం, సూర్యుడి చుట్టూ తిరిగితే పరిభ్రమణం. పరీక్షకు ఇంత చాలు. నాకు చాలదు కాబట్టి మిగతాదీ చదువు.

రెండింటికీ మూలం సంస్కృతంలోని "భ్రమ్" ధాతువు. గిరగిర తిరగడం, గమ్యం లేకుండా తిరుగాడడం రెండూ దాని అర్థాలే. తుమ్మెదకు భ్రమరమన్న పేరు అలా వచ్చిందే. మరి లేనిది ఉన్నట్టు తోచడం కూడా భ్రమ ఎందుకైంది? గిర్రున తిరిగి ఠక్కున ఆగి చూడు. నువ్వు నిలబడే ఉంటావు, గది తిరుగుతూ ఉంటుంది. లోపలి చెవిలోని అర్ధవలయ నాళాల్లో ద్రవం నీతోపాటు ఆగదు, మెదడు దాని మాటే నమ్ముతుంది. దిగ్భ్రాంతి అంటే కూడా దిక్కులు తెలియకపోవడమే. నాయకులు రోజూ "వ్యక్తం చేసి" ఆ మంచి మాటను అరగదీశారు.

ఆకాశం విషయంలోనూ మనది ఇదే అవస్థ. పడవలో ముందుకు సాగేవాడికి ఒడ్డున కదలనివి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, నిలకడగా ఉన్న నక్షత్రాలు పడమరకు పోతున్నట్టు తోచడమూ అలాంటిదే అన్నాడు ఆర్యభటుడు, క్రీ.శ. 499 నాటి గ్రంథంలో. వరాహమిహిరుడు ఒప్పుకోలేదు. భూమి "భ్రమం" మీద ఉన్నట్టు తిరుగుతుందని కొందరంటారు, అదే నిజమైతే డేగలు ఆకాశం నుంచి మళ్ళీ తమ గూళ్ళకు ఎలా చేరతాయి అని అడిగాడు. ఇక్కడ భ్రమం అంటే తరిమెన, చెక్కను తిప్పుతూ నునుపు చేసే సాధనం. ప్రశ్న మాత్రం తెలివితక్కువది కాదు. గాలీ, డేగా కూడా భూమితోపాటే తిరుగుతున్నాయన్నది దానికి జవాబు. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు దాదాపు 1,670 కిలోమీటర్లు. ఒక భ్రమణానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. 24 గంటలని రాస్తే మార్కులు వస్తాయిలే.

మన సొంత మాట "తిరుగు". కన్నడంలోనూ తిరుగే. చక్రం తిరుగుతుంది, దేశదిమ్మరి తిరుగుతాడు, వెళ్ళినవాడు తిరిగి వస్తాడు, అణిగి ఉన్నవాడు తిరగబడతాడు. భ్రమ్ ధాతువుకు ఈ చివరి రెండూ చేతకావు. తిప్పు కూడా దీని బిడ్డే, పాత కావ్యాల్లో "త్రిప్పు" అని కనిపిస్తుంది.

నాన్న