రాబోయే చిన్న స్పోర్టీ కారుకు ఆమోదముద్ర వేసే ముందు: వాహన ప్రమాణాల అధికారికి బహిరంగ లేఖ

వాహన ప్రమాణాల విభాగం ప్రధానాధికారి గారికి,

నమస్కారం.

త్వరలో మీ బల్ల మీదికి మరో చిన్న స్పోర్టీ కారు ఫైలు వస్తుంది. నాలుగు మీటర్ల పొడవు, టర్బో ఇంజను, ముందు చక్రాలకే శక్తి, ఐదు తలుపులు. అలాంటి కారు రావాలని కోరుకునేవాళ్లలో మేమూ ఉన్నాం. బ్రేకులు, సస్పెన్షన్, ఇంజన్ల పనిలో ఉన్న ఇంజనీర్లం, మెకానిక్‌లం. గుర్రపుశక్తి, పెద్ద చక్రాలు, పెద్ద తెర ప్రకటనల్లో కనిపిస్తాయి కాబట్టి కొనేవాళ్లు వాటిని ఎలాగూ అడిగి తెచ్చుకుంటారు. ప్రకటనలో కనిపించనివి మాత్రం మీరు అడిగితేనే వస్తాయి. అందుకే ఈ లేఖ కంపెనీకి కాక మీకు రాస్తున్నాం. అలా కనిపించని వాటిలో మొదటిది, కాగినా కూడా పట్టు వదలని బ్రేకు.

కార్ల బ్రేకులకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధన ప్రకారం చల్లటి బ్రేకులతో, గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి కారు 70 మీటర్లలో ఆగితే చాలు. మంచి టైర్లున్న నేటి చిన్న కారు పొడి రోడ్డు మీద 40 మీటర్లలోపే ఆగిపోతుంది. అంటే ఈ పరీక్షలో తప్పే కారంటూ దాదాపు లేదు. వేడి పరీక్ష కూడా ఉంది. గరిష్ఠ వేగంలో 80 శాతం నుంచి (అది 120 కిలోమీటర్లు మించకూడదు) సగం వేగానికి తగ్గించాలి. అలా 45 సెకన్లకు ఒకసారి చొప్పున 15 సార్లు. ఆ తర్వాత, చల్లగా ఉన్నప్పటి పనితీరులో 60 శాతం, నిబంధన కోరిన కనీస పనితీరులో 75 శాతం మిగిలితే పాసు.

మామూలు కుటుంబపు కారుకు ఇది న్యాయమైన పరీక్షే. 200 గుర్రపుశక్తి ఉన్న చిన్న కారుకు కాదు. అది 60 నుంచి తిరిగి 120 అందుకోవడానికి పది సెకన్లు కూడా పట్టదు. పరీక్షలో మిగతా సమయమంతా డిస్కులకు గాలి తగులుతూనే ఉంటుంది. మలుపుల ఘాట్ రోడ్డు మీద ఆ వెసులుబాటు ఉండదు. పైగా పరీక్షలో ఒక్కోసారి వేగం తగ్గించే తీవ్రత సెకనుకు సెకనుకు 3 మీటర్లు మాత్రమే. ఇలాంటి కారు నడిపేవాళ్లు మలుపు ముందు అంతకు రెట్టింపు గట్టిగా తొక్కుతారు.

లెక్క వేసి చూడండి. 1200 కిలోల కారును 120 నుంచి 60కి తగ్గించాలంటే 500 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో కనీసం 70 శాతం ముందు బ్రేకుల వంతు. అంటే ఒక్కో ముందు డిస్కుకు 175 కిలోజౌళ్లు. డిస్కు ఏడు కిలోల పోత ఇనుమైతే, గాలికి చల్లారే లోపు ఒక్క బ్రేకుకు సుమారు 50 డిగ్రీలు పెరుగుతుంది. వెంటవెంటనే పది మలుపులు వస్తే ఆ డిస్కు ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ రెండు రకాల వైఫల్యాలున్నాయి. రెండింటినీ కలిపి ‘బ్రేకు ఫెయిలైంది’ అనేస్తారు కానీ కారణాలు వేరు. మొదటిది, డిస్కును నొక్కి పట్టే ప్యాడ్‌ది. ప్యాడ్‌లో పదార్థాన్ని పట్టి ఉంచే జిగురు వేడికి ఆవిరి వదులుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. రెండోది బ్రేకు ద్రవానిది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే కాలిపర్ లోపల బుడగలు పుడతాయి, పెడల్ నేలకు తగులుతుంది. డాట్ అన్నది బ్రేకు ద్రవం శ్రేణిని చెప్పే గుర్తు. కొత్త డాట్ 3 ద్రవం మరిగే కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీలు. 3.7 శాతం నీరు చేరాక 140. డాట్ 4కి ఇవే 230, 155. డాట్ 5.1కి 260, 180. పాత డాట్ 3తో నడిచే స్పోర్టీ కారు నీళ్లు మరిగే వేడికి 40 డిగ్రీల దూరంలో ఉందన్నమాట.

కాబట్టి మా మొదటి కోరిక ఇది. టన్నుకు 150 గుర్రపుశక్తి దాటిన ఏ కారుకైనా ఆ 15 సార్ల పరీక్షను 45 సెకన్ల విరామంతో కాకుండా, కారు సొంత బలంతో మళ్లీ ఆ వేగం అందుకోవడానికి పట్టే సమయంతోనే చేయించండి. తగ్గింపు సెకనుకు సెకనుకు 6 మీటర్లు ఉండనివ్వండి. కంపెనీ అమ్మే ప్యాడ్‌తో, కంపెనీ పోసే ద్రవంతోనే చేయాలి. చివరి మూడు బ్రేకుల్లో పెడల్ ఎంత దిగింది, ఎంత బలం పట్టింది అన్నది నమోదు కావాలి.

ఈ పరీక్ష నెగ్గడానికి కంపెనీ అద్భుతాలేమీ చేయనక్కర్లేదు. ముందు గాలి పొరలున్న మందపాటి డిస్కు, వెనక కూడా డిస్కు, డాట్ 5.1 ద్రవం, వేడి తట్టుకునే ప్యాడ్. ఇంకా ముఖ్యంగా, గాలి. ఇలాంటి కార్ల ముందు బంపర్లో రెండు వైపులా నల్లటి ప్లాస్టిక్‌తో మూసేసిన ఉత్తుత్తి జాలీలు ఉంటాయి. వాటిని నిజంగా తెరిచి, ఒక గొట్టం ద్వారా గాలిని డిస్కు మధ్యభాగానికి పంపితే చాలు. గాలి డిస్కు అంచుకు కాదు, మధ్యకు తగలాలి. డిస్కు తిరిగేటప్పుడు పొరల గుండా గాలిని లోపలి నుంచి బయటికి తోస్తుంది కాబట్టి. డిస్కు వెనక ఉండే దుమ్ము రేకు ఈ దారిని మూసేస్తుంది. దానిలో కత్తిరింపు ముందే ఉండాలి.

బ్రేకుల వేడి గురించి మాట్లాడుతూ, ఇంజను శక్తిని ఎడమ కుడి చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను వదిలేయలేం. ముందు చక్రాలు తిప్పే కారు మలుపులో లోపలి చక్రం మీద బరువు తగ్గి అది ఊరికే తిరిగిపోతుంది. చవకైన పరిష్కారం కంప్యూటర్ ఆ చక్రానికి బ్రేకు వేసి శక్తిని బయటి చక్రానికి మళ్లించడం. ప్రకటనల్లో దీనికి గొప్ప పేర్లుంటాయి. పనిచేస్తుంది కూడా, కొన్ని మలుపుల వరకు. తర్వాత అదే బ్రేకు ఆగడానికీ కావాలి, తిరగడానికీ కావాలి. ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునే నిజమైన లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, గేర్లతో పనిచేసే రకమైనా సరే, ఈ పనిని బ్రేకుల మీద మోపకుండా చేస్తుంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లాంటి చిన్న కారులోనే అది వచ్చింది కాబట్టి ఈ తరగతికి అసాధ్యం అన్న మాట చెల్లదు. డిఫరెన్షియల్ తప్పనిసరి చేయమని అడగడం లేదు. బ్రేకుతో మళ్లించే పద్ధతి వాడే కార్లకు వేడి పరీక్షను మలుపుల దారిలో చేయించమంటున్నాం. తేడా అక్కడే తేలుతుంది.

ఇంజను శక్తిని చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్టుల సంగతీ ఇందులోదే. ఎడమ కుడి షాఫ్టుల పొడవు వేరైతే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. పొడవు వైపు మధ్యలో ఒక బేరింగ్‌తో మధ్యస్థ షాఫ్టు పెట్టి, రెండు వైపులా సమాన పొడవు వచ్చేలా చేస్తే లాగుడు చాలావరకు పోతుంది.

ఇక బరువు. 1976లో వచ్చిన మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 110 గుర్రపుశక్తితో సుమారు 810 కిలోలు. 2017లో జపాన్‌లో వచ్చిన సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్ 140 గుర్రపుశక్తితో 970 కిలోలు. భద్రతా నిబంధనలన్నీ పాటించాక కూడా టన్ను లోపు ఉండొచ్చని ఈ రెండోది చూపించింది. ఎలక్ట్రిక్ అయిన ఆల్పీన్ ఏ290 బరువు 1479 కిలోలు. అదే వేగంలో స్విఫ్ట్ కంటే ఒకటిన్నర రెట్ల శక్తిని అది వదిలించుకోవాలి. మోటారు ఆ శక్తిలో కొంత వెనక్కి తీసుకుంటుంది, నిజమే. కానీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, బాగా చల్లగా ఉన్నప్పుడు తీసుకోలేదు. కొండ మీద చార్జింగ్ చేసి దిగే కారుకు ఇది ఊహ కాదు. అందుకని ఎలక్ట్రిక్ స్పోర్టీ కారుకు వేడి పరీక్ష నిండు బ్యాటరీతోనే మొదలవ్వాలి.

బరువు మీద పరిమితి పెట్టమని అడిగితే అతి అవుతుంది. ఒక్కటి చేయొచ్చు. ఆమోదం పొందే బరువు ఏ చక్రాలతో, ఏ అదనపు సామగ్రితో కొలిచారో స్పష్టంగా ప్రకటించాలి. గాజు పైకప్పు, పెద్ద చక్రాలు, మోటారు సీట్లు కలిపితే అమ్మే కారు పుస్తకంలోని కారు కంటే చాలా బరువు తూగుతుంది.

చక్రాల విషయంలో మా అభిప్రాయం గట్టిది. ఈ పరిమాణం కారుకు 18 అంగుళాల చక్రం అందానికే. 195/55 ఆర్16 టైరు (వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, చక్రం 16 అంగుళాలు) పక్కగోడ ఎత్తు 107 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17కి 92. 215/40 ఆర్18కి 86. మొత్తం వ్యాసంలో పెద్ద తేడా ఉండదు, కాబట్టి పోయినదంతా రబ్బరు, వచ్చినదంతా లోహం. గుంతలో పడితే పక్కగోడ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, పక్కన ఉబ్బు వస్తుంది. అలాంటి టైరుకు మరమ్మతు లేదు. కాలిపర్ ఆకారం సరిగా ఎంచుకుంటే 300 మిల్లీమీటర్ల డిస్కు 16 అంగుళాల చక్రంలో ఇముడుతుంది. ఆమోదపత్రంలో 16 అంగుళాల చక్రం కూడా ఉండేలా చూడండి. అది లేకపోతే తర్వాత కొనేవాళ్లు చిన్న చక్రం వేసుకోవాలన్నా చట్టప్రకారం కుదరదు.

అదనపు చక్రానికి బదులు జిగురు సీసా, చిన్న కంప్రెసర్ ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. ఆ జిగురు టైరులో రోడ్డుకు తగిలే భాగంలోని చిన్న మేకు రంధ్రానికి పనికొస్తుంది. పక్కగోడ కోతకు, ఉబ్బుకు, వంగిన రిమ్ముకు పనికిరాదు. తక్కువ పక్కగోడ టైర్లకు ఎక్కువగా వచ్చేవి ఈ మూడే. సీసాకు గడువు తేదీ కూడా ఉంటుంది, అది ఎవరూ చూడరు. సన్నటి అదనపు చక్రం ఇచ్చే కొన్ని కంపెనీలు కూడా ఒక తప్పు చేస్తాయి. అది పెద్ద ముందు కాలిపర్ మీద పట్టదు. ముందు టైరు పంక్చరైతే వెనక చక్రం విప్పి ముందుకు తెచ్చి, సన్నటిది వెనక వేయాలి. చీకట్లో, వానలో రెండు సార్లు జాకీ. అదనపు చక్రం నాలుగు మూలలా పట్టాలి అన్న ఒక్క వాక్యం నిబంధనలో చేర్చండి.

నడిపేవాళ్ల చేతికి అందే వాటిలో మూడు చెప్తాం. ఆయిల్ ఉష్ణోగ్రత చూపే మీటరు ఉండాలి. కూలెంట్ కొద్ది నిమిషాల్లో 90 డిగ్రీలకు చేరుతుంది, ఆయిల్‌కు ఇంకా చాలాసేపు పడుతుంది. కూలెంట్ ముల్లు చూసి ఇంజను సిద్ధమైందనుకుని లాగిస్తే అరిగేది టర్బో బేరింగులు. రెండోది బటన్లు. కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్, వైపర్, హారన్, అత్యవసర కాల్ నిజమైన మీటలతో ఉంటేనే పూర్తి మార్కులు ఇస్తోంది. అద్దం ఆవిరి తుడిచే మీట, కారు అదుపు తప్పి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ మీట కూడా ఆ జాబితాలో చేరాలి. స్టెబిలిటీకి పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ మధ్యలో ఒక మెట్టు ఉంటే ఎవరూ పూర్తిగా ఆపేయరు. మూడోది, మాన్యువల్ గేరున్న కారులో గేరు దించేటప్పుడు బ్రేకు తొక్కుతూనే మడమతో యాక్సిలరేటర్‌ను ఒక్క క్షణం తట్టితే కంప్యూటర్ ఇంజను శక్తిని ఆపేయకూడదు. రెండు పెడళ్లూ ఎక్కువసేపు నొక్కి ఉంచితేనే ఆపాలి. ఆ రక్షణ ఉద్దేశం అదే కదా.

ఆయిల్‌లో మునిగి తిరిగే టైమింగ్ బెల్టు గురించి ఒక మాట. బెల్టు రబ్బరు పొడి రాలి ఆయిల్ పంపు జల్లెడను మూస్తుంది, ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, టర్బో ముందు పోతుంది. తప్పు ఆయిల్ పోస్తే ఇంకా త్వరగా. గట్టిగా నడిపే కారులో ఆయిల్ ఎక్కువ కాగుతుంది కాబట్టి ఈ తరహా ఇంజనులో చైను గానీ బయట తిరిగే పొడి బెల్టు గానీ మేలు.

చివరిగా, మరమ్మతు. వెనక ప్యాడ్‌లు మార్చాలంటే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకును సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అది తెలియక పిస్టన్‌ను బలవంతంగా నెడితే కాలిపర్ మీది మోటారు గేరు విరుగుతుంది. కొన్ని కార్లలో ఆ మోడ్‌కు కంపెనీ పరికరం కావాలి, ఆ పరికరానికి కంపెనీ అనుమతి కావాలి. స్పోర్టీ కారు ప్యాడ్‌లు మామూలు కారు కంటే చాలా త్వరగా అరుగుతాయి. కారు మెనూలోంచే సర్వీస్ మోడ్‌లోకి వెళ్లే దారి ఉంటే అందుబాటులో ఉన్న ఏ మంచి మెకానిక్కైనా సరిగ్గా మార్చగలడు.

ఆమోదపత్రంతో పాటు ఒక పేజీ అందరికీ కనిపించేలా పెట్టండి. వేడి పరీక్షలో మొదటి బ్రేకు దూరం, పదిహేనో బ్రేకు దూరం, ప్యాడ్ పార్ట్ నంబరు, ద్రవం రకం, దాన్ని మార్చే గడువు, డిస్కు కనీస మందం, ఆమోదించిన అన్ని చక్రాల కొలతలు. ఇవన్నీ కంపెనీ దగ్గర ఇప్పటికే ఉన్నవే.

ఇట్లు,
చిన్న కార్ల బ్రేకులు, చాసిస్, ఇంజన్ల పనిలో ఉన్న ఇంజనీర్లు, మెకానిక్‌లు