లైసెన్సు చూశారు, నా చెయ్యి చూడలేదు

సేల్స్ మేనేజర్ గారికి,

విషయం: మీ షాపులో కొన్న .32 పిస్టల్, దాంతోపాటు ఇచ్చిన తప్పుడు తూటాల గురించి ఫిర్యాదు.

మేనేజర్ గారూ, నేను పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తాను. పోయిన నెల మీ షాపుకి వచ్చి .32 సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒకటి, ఇరవై ఐదు తూటాలు కొన్నాను. బిల్లు, లైసెన్సు కాపీలు జతచేశాను. ఇంటికి వచ్చాక మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మీ కౌంటర్లో అబ్బాయి "లైసెన్సులో ఎంట్రీ అయిపోయింది సార్, ఇంక మేమేం చెయ్యలేం" అన్నాడు తప్ప సమస్య ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే మీకు నేరుగా రాస్తున్నాను, పూర్తిగా చదవండి.

నేను సరదాకి తుపాకీ కొన్న మనిషిని కాదు. సీజన్లో వజ్రపుకొత్తూరు, మందస వైపు ఊళ్లకి వెళ్లి రైతుల దగ్గర జీడి పిక్కలు కొంటాం, డబ్బు అక్కడికక్కడే చేతిలో పెట్టాలి. రెండేళ్ల కిందట రాత్రిపూట తోటల మధ్య నా బండి ఆపి బ్యాగు లాక్కుపోయారు. ప్రాణాలతో బయటపడ్డాను, అది చాలు. ఆ తర్వాతే కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకున్నాను. పోలీసు విచారణ అయింది, 2016 ఆయుధాల నిబంధనల్లో చెప్పిన భద్రతా శిక్షణ పూర్తిచేసి ఆ సర్టిఫికెట్టు కూడా ఇచ్చాను, మొత్తం మీద లైసెన్సు చేతికి రావడానికి ఏడాది దాటింది. 2019లో ఆయుధాల చట్టం మార్చాక ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. నా లైసెన్సు మీద రాసినదైతే ఒక్కటే. అంటే నాకు ఎంచుకునే అవకాశం కూడా ఒక్కసారే. చొక్కా సైజు సరిపోలేదని మర్నాడు వెళ్లి మార్చుకునే సరుకు కాదిది.

ఈ సంగతి మీ అబ్బాయికి ముందే చెప్పాను. "కొత్తవాణ్ని, శిక్షణలో రివాల్వర్ మాత్రమే పేల్చాను, పిస్టల్ ఎప్పుడూ పట్టలేదు, రెండూ చూపించండి" అన్నాను. నా ఎడమ చేతి బొటనవేలు కూడా చూపించాను. పదేళ్ల కిందట ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్లో పడి పైకణుపు పోయింది, వేలు వంగుతుంది గానీ పట్టు ఉండదు. అతను ఒకసారి వేలు వైపు చూసి, "ఇప్పుడందరూ పిస్టలే తీసుకుంటున్నారు సార్, పల్చగా ఉంటుంది, నడుముకి పెట్టుకుంటే కనపడదు, రివాల్వర్ పాత మోడల్" అన్నాడు. రివాల్వర్ అద్దాల బీరువాలోంచి బయటికి కూడా తియ్యలేదు. పిస్టల్ చేతికిచ్చాడు, పట్టుకుంటే బాగానే అనిపించింది. పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే ఇనుప భాగం ఉంటుంది కదా, "ఆ స్లైడ్ లాగి చూస్తాను" అంటే, "కొత్త పీసు సార్, గీతలు పడతాయి, మీరు తీసుకున్నాక ఎన్నిసార్లైనా లాగుకోండి" అన్నాడు. లక్షకు పైన డబ్బు పోసి కొంటున్న మనిషికి చెప్పే మాటేనా అది? వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, నాకూ మొహమాటం వేసింది, సంతకం పెట్టేశాను. ఆ మొహమాటం నా తప్పే. కానీ స్లైడ్ లాగనివ్వకుండా పిస్టల్ అమ్మడం మీ తప్పు.

ఇంటికి వచ్చాక జరిగింది చెప్తాను. మా మావయ్య ఆర్మీలో చేసి రిటైరయ్యారు. పిస్టల్ పెట్టె విప్పబోతే ముందు ఆయనన్న మాట, "అల్లుడూ, తూటాల పెట్టి పక్క గదిలో ఎట్టి రా, అప్పుడు సూద్దాం." పెట్టి వచ్చాను. తూటాలు నింపే మ్యాగజైన్ తీశారు, స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని, పేలే తూటా కూర్చునే ఛాంబర్లోకి చూశారు, చిటికెన వేలు పెట్టి తడిమారు, అప్పుడు నా చేతికిచ్చారు. గొట్టం గోడవారనున్న బియ్యం బస్తాల వైపు పెట్టి ఎడమ చేత్తో స్లైడ్ లాగాను. సగం వచ్చి ఆగిపోయింది. మళ్లీ లాగాను, బొటనవేలి దగ్గర జారిపోయి స్లైడ్ టపీమని ముందుకి పోయింది. మూడోసారి బలమంతా పెట్టి, మోచెయ్యి ఒంటికి ఆనించి లాగుతుంటే నాకు తెలియకుండానే గొట్టం పక్కకి తిరిగిపోయింది. అటు గుమ్మంలో మా అమ్మాయి నిలబడి చూస్తోంది. మావయ్య నా మణికట్టు పట్టుకుని గొట్టాన్ని మళ్లీ బస్తాల వైపు తిప్పారు. ఏమీ అనలేదు, పిల్లని లోపలికి వెళ్లమన్నారు. ఖాళీ పిస్టలే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మావయ్య విడమర్చి చెప్పారు. ఇలాంటి .32 పిస్టళ్లలో పేలే క్షణంలో స్లైడ్‌ని గొట్టంతో బిగించి ఉంచే తాళం లాంటి ఏర్పాటు ఏదీ ఉండదట. స్లైడ్ బరువు, దాన్ని ముందుకి తోసే స్ప్రింగు, ఈ రెండే ఆ దెబ్బని కాచుకోవాలి. అందుకని తూటా చిన్నదే అయినా స్ప్రింగు గట్టిగా పెడతారు. చిన్న పిస్టల్ కదా, సుళువుగా లాగొచ్చు అని కొత్తవాళ్లు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. స్లైడ్ పూర్తిగా వెనక్కి రాకపోతే తూటా మ్యాగజైన్లోంచి సరిగ్గా పైకి ఎక్కదు, లేదా మధ్యలో ఇరుక్కుంటుంది. దాన్ని విడిపించాలన్నా మళ్లీ స్లైడే లాగాలి. చీకట్లో, టెన్షన్లో, పట్టులేని వేలుతో నేను ఆ పని ఎలా చెయ్యాలో మీరు చెప్పండి.

రివాల్వర్లో ఈ బాధ లేదు. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ తెరిస్తే ఎన్ని తూటాలున్నాయో కళ్లకి కనపడతాయి, ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతది వస్తుంది. ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, తుపాకీ లావుగా ఉంటుంది, నిజమే. కానీ నా కుడి చేతి వేలికి బలం ఉంది, లేనిది ఎడమ బొటనవేలికి. పిస్టల్ మంచిది కాదని నేననడం లేదు. రెండు చేతులూ బాగున్నవాడు, వారం వారం రేంజికి వెళ్లి సాధన చేసేవాడు సుబ్బరంగా వాడుకుంటాడు. నాకు పనికిరాదు. ఆ సంగతి తేలడానికి మీ కౌంటర్ దగ్గర ఒకే ఒక్కసారి స్లైడ్ లాగనిస్తే సరిపోయేది.

ఇంక తూటాల సంగతి. ఇది ఇంకా పెద్ద తప్పు. మావయ్య పెట్టె విప్పి ఒకటి చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం మారిపోయింది. "ఇవి పిస్టల్‌వి కావురా, రివాల్వర్‌వి" అన్నారు. మీ వాళ్లు ఇచ్చినవి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, నా పిస్టల్‌కి కావలసినవి .32 ఏసీపీ. పేర్లో .32 అనే కొలత ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి అయిపోవు. పిస్టల్ తూటా గుల్ల 17 మిల్లీమీటర్ల పొడవు, రివాల్వర్‌ది 23 దాటుతుంది, పైగా అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. నా మ్యాగజైన్లో పట్టనే పట్టలేదు. రోజూ ఇవే అమ్మే మీకు ఇది తెలియకపోవడం ఏమిటి? నేను "పాయింట్ థర్టీటూ" అన్నాను, మీ అబ్బాయి అరలోంచి చేతికందిన పెట్టె తీసి ఇచ్చేశాడు, పక్కనే బల్ల మీద నేను కొన్న పిస్టల్ ఉండగానే. ఇప్పుడు నా లైసెన్సులో ఇరవై ఐదు తూటాలు కొన్నట్టు ఎంట్రీ ఉంది, వాటిని పేల్చే తుపాకీ నా దగ్గర లేదు. రేపు స్టేషన్ నుంచి తనిఖీకి వచ్చి ఇవేమిటని అడిగితే నేనేం చెప్పాలి?

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. నా పక్కనున్న పెద్దాయనకి మీ అబ్బాయి వేరే పిస్టల్ చూపించాడు. మ్యాగజైన్ లాగేసి "ఖాళీ సార్" అని చేతికిచ్చేశాడు. ఛాంబర్ చూడలేదు. మ్యాగజైన్ తీసినా ఛాంబర్లో ఒక తూటా ఉండిపోవచ్చని నాకు శిక్షణలో మొదటి రోజే చెప్పారు, తుపాకీ చేతికొచ్చిన ప్రతిసారీ నిండుగా ఉందనే అనుకోవాలన్నారు. ఆ పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నంతసేపూ గొట్టం నా పొట్ట వైపు ఉంది. ఆ రోజే గట్టిగా అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను: మీ కౌంటర్లో నిలబడేవాళ్లకి ఎవరైనా ఏమైనా నేర్పించారా?

నాకు కావలసింది ఇది. తప్పుగా ఇచ్చిన తూటాలు వెంటనే వెనక్కి తీసుకోండి, పొరపాటు మీదేనని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి, నా లైసెన్సులో ఎంట్రీ సరిచేయించుకోవడానికి కలెక్టరాఫీసులో అది చూపించాలి. పిస్టల్ ఒక్క తూటా కూడా పేల్చనిది, దాన్ని తీసుకుని రివాల్వర్ ఇవ్వండి. దానికి కావలసిన అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ నేను తిరుగుతాను, ధరలో తేడా ఉంటే కడతాను. కొత్తగా కొనేవాళ్లకి మీరిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంది, దాన్ని తెలుగులో ఇవ్వండి. కొనేముందు స్లైడ్ లాగి, ఖాళీ ట్రిగ్గర్ నొక్కి చూసుకోనివ్వండి, గీతలు పడితే పడనివ్వండి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వండి. లేకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, మీ ఊరు రావక్కర్లేదు. కేసు వెయ్యాలని నాకేమీ లేదు, నాకు కావలసింది నా చేతికి సరిపోయే తుపాకీ.

ప్రస్తుతం పిస్టల్ ఒక బీరువాలో, ఆ తూటాలు ఇంకో బీరువాలో తాళం వేసి ఉన్నాయి, రెండు తాళాలూ నా మొలతాడుకే ఉన్నాయి. మార్చి వచ్చేసరికి పిక్కలు దిగడం మొదలవుతుంది, నేను మళ్లీ రాత్రిళ్లు డబ్బుతో ఆ దారిలోనే రావాలి. ఆలోపే తేల్చండి.

ఇట్లు,
మీ దగ్గర కొన్న పలాస జీడిపప్పు వ్యాపారి
(పేరు, ఫోన్ నంబరు జతచేసిన బిల్లు మీద ఉన్నాయి)