వైర్‌మన్ పర్మిట్ రెన్యువల్‌కు శిక్షణ జోడించాలి

సంపాదకులకు నమస్కారం.

ఆర్యా,

వైర్‌మన్ పర్మిట్ పరీక్షకు తయారవుతున్న కుర్రాళ్లు మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, వారిలో కొందరు పాత ప్రశ్నపత్రాలు పట్టుకుని ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. పర్మిట్ ఇవ్వడానికి మన దగ్గర అర్హతలు చూస్తారు, పరీక్ష పెడతారు. ఇచ్చిన పర్మిట్‌ను రెన్యువల్ చేయడానికి మాత్రం దరఖాస్తు, రుసుము తప్ప శిక్షణ ఊసే లేదు. ఈ లోటును సంబంధిత అధికారుల దృష్టికి మీ పత్రిక ద్వారా తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పర్మిట్ దేనికో చాలామంది ఇంటి యజమానులకు తెలియదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడం వంటి చిన్న పనులు మినహాయిస్తే, కొత్తగా వైరింగు వేయాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా, రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, సమర్థతా సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు ప్రత్యక్ష పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న వైర్‌మనే ఆ పని చేయాలి. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ నిబంధన ఇదే చెప్పింది. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ ఇదే చెబుతున్నాయి. అమలు సంగతి అడగనక్కర్లేదు. కంప్లీషన్ రిపోర్టు మీద సంతకం ఒకరిది, గోడకు గాడి కొట్టి పైపు పెట్టిన చెయ్యి ఇంకొకరిది కావడం మా వైపు ఎవరికీ వింత కాదు.

ముందు పరీక్ష సంగతి. మా దగ్గరకు వచ్చే కుర్రాళ్లు గైడు మొత్తం అప్పజెబుతారు. లైటింగ్ సర్క్యూట్‌లో పది పాయింట్లు లేదా 800 వాట్లు దాటకూడదనీ, పవర్ సర్క్యూట్‌కు 3,000 వాట్లు పరిమితి అనీ, ఎర్త్ రెసిస్టెన్స్ ఎంత తక్కువైతే అంత మంచిదనీ తడుముకోకుండా చెబుతారు. అదే కుర్రాణ్ణి, మా జిల్లా తీరంలోని ఉద్దానంలో ఎండిన ఇసుక నేలలో దిగేసిన ఎర్త్ పైపు 20 ఓమ్‌లు చూపిస్తోంది, వాషింగ్ మెషీన్ బాడీకి ఫేజు తగిలింది, 16 ఆంపియర్ల ఎంసిబి (కరెంటు మోతాదు మించితే దానంతట అదే సరఫరా తెంపే స్విచ్చు) పడుతుందా అని అడిగితే, తప్పకుండా పడుతుందంటాడు. 230 వోల్టులను 20తో భాగించి చూడమంటే 11.5 ఆంపియర్లు వస్తుంది. మిగతా దారిలోని రెసిస్టెన్స్ కూడా కలిస్తే ఆ కరెంటు ఇంకా తగ్గుతుంది. 16 ఆంపియర్ల ఎంసిబి దానికి కదలదు. మెషీన్ బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. కాగితం మీద చేసిన ఆ ఒక్క భాగహారంతో, ఎర్త్ పిట్‌కు వేసవిలో నీళ్లెందుకు పోయాలో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంపే ఆర్‌సిసిబి ఎందుకు పెట్టాలో ఆ కుర్రాడికి ఒకేసారి బోధపడుతుంది. పరీక్ష ఇలాంటి లెక్కల మీద, చేతితో చేసి చూపించే పని మీద నడిస్తే గైడుల గిరాకీ దానంతట అదే తగ్గుతుంది.

పర్మిట్ చేతికొచ్చిన తర్వాతి కాలం గురించే నా ఆందోళన అంతా. వైర్ల పైతొడుగు కరెంటును బయటికి పోకుండా ఆపుతోందో లేదో చూసే మెగ్గర్ పరీక్షనే తీసుకోండి. 500 వోల్టులతో వైరింగుకూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ కొలిస్తే కనీసం ఒక మెగాఓమ్ రావాలన్న నియమం పాతదే, ఇప్పటికీ ఉంది. ఆ కొలతకు స్విచ్చులన్నీ ఆన్ చేసి, బల్బులు హోల్డర్లలోనే ఉంచమని మేం నేర్పేవాళ్లం. ఫిలమెంటు బల్బుల రోజుల్లో అది సరైన పద్ధతే. ఇప్పుడు ప్రతి గదిలో ఎల్‌ఇడి దీపాలు, వాటి లోపల ఎలక్ట్రానిక్ డ్రైవర్లు ఉన్నాయి. వాటిని విడదీయకుండా 500 వోల్టులు ఇస్తే కొలత తప్పు రావచ్చు, డ్రైవరే పోనూవచ్చు. పాతికేళ్ల కిందట పర్మిట్ తీసుకున్న వైర్‌మన్‌కు ఈ మార్పు ఎవరు చెప్పారు? నిజానికి, అంత పాతవారిలో మెగ్గర్ వాడేవారే అరుదు, అది వేరే విచారం.

ఆర్‌సిసిబి విషయం ఇంకా విడ్డూరం. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ దగ్గరే సరఫరా తెగిపోవాలన్నది నేటి ప్రమాణం. తీరా పెట్టించాక అది మాటిమాటికీ పడిపోతోందని యజమాని విసుక్కుంటాడు, వచ్చిన పనివాడు దాన్ని పీకి రెండు ముక్కల వైరుతో లూప్ కొట్టి, ఇక ఇబ్బంది లేదని చెప్పి వెళ్లిపోతాడు. చాలాచోట్ల తప్పు ఆ పరికరానిది కాదు. మేడ మీద సర్క్యూట్ న్యూట్రల్‌ను తెచ్చి కింది సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపేయడం పాత వైరింగులో మామూలు అలవాటు. ఫేజులో వెళ్లిన కరెంటు అదే పరికరం గుండా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆర్‌సిసిబి దాన్ని లీకేజీగానే లెక్కేస్తుంది. న్యూట్రళ్లను విడదీస్తే సరిపోయే పనికి, ప్రాణం కాపాడే పరికరాన్నే తీసి పక్కన పడేస్తున్నారు. ఇది దుర్బుద్ధి కాదు, ఎవరూ నేర్పకపోవడం.

2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం పుణ్యమా అని పల్లెల్లోనూ మిద్దెల మీద సోలార్ పలకలు కనిపిస్తున్నాయి. మెయిన్ కట్టేసినా ఎండ ఉన్నంతసేపూ ఆ పలకల నుంచి వచ్చే డీసీ వైర్లలో వోల్టేజీ ఉంటుంది. డీసీలో లేచిన ఆర్క్ ఏసీలో మాదిరి సులభంగా ఆరదు. ఏసీ వైరింగు మాత్రమే ఎరిగిన చెయ్యి అక్కడ పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు, లైన్లు నేలకొరిగాయి. కరెంటు తిరిగి వచ్చేదాకా నీళ్లు తోడటానికీ, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవడానికీ జనరేటర్లే దిక్కయ్యాయి. అలాంటి వేళ, లైను సరఫరాను తెంచి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను ఇంటి వైరింగుకు తగిలిస్తే, ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురెక్కి 11 కెవి (11,000 వోల్టుల) లైనును సజీవం చేయగలదు. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ గతేమిటి? తుపానులు ఆనవాయితీగా వచ్చే ఈ తీరంలో పర్మిట్ ఉన్న ప్రతి వైర్‌మన్‌కూ ఈ ఒక్క పాఠమైనా మళ్లీ మళ్లీ చెప్పాలి.

ఇతర చోట్ల ఏం చేస్తున్నారో చూద్దాం. అమెరికాలోని కాలిఫోర్నియాలో జనరల్ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్‌కు 8,000 గంటల పని అనుభవం చూపి పరీక్ష నెగ్గాలి. ఆ తర్వాత మూడేళ్లకోసారి రెన్యువల్‌కు 32 గంటల తరగతులకు హాజరు కావాలి. టెక్సాస్‌లో ఏడాదికి నాలుగు గంటలు. వారి విద్యుత్ కోడ్ మూడేళ్లకోసారి మారుతుంది కాబట్టి ఈ తరగతులకు అర్థం ఉంది. పైగా అక్కడ చాలా రాష్ట్రాల్లో కోడ్ పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాస్తారు. నియమం కంఠతా వచ్చా అని కాక, అది ఎక్కడుందో వెతికి పనికి అన్వయించగలడా అని చూస్తారు. మన జాతీయ విద్యుత్ కోడ్ 1985లో వచ్చి 2011లోనూ, 2023లోనూ సవరణ పొందింది. ఆ పుస్తకాన్ని ఒక్కసారైనా తిప్పిచూసిన వైర్‌మన్ మా జిల్లాలో నాకు తారసపడలేదు.

అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెమ్మని నేను అనను. రోజు కూలి మీద బతికే మనిషిని రెన్యువల్ కోసం మళ్లీ పరీక్షకు కూర్చోబెడితే అతను పర్మిట్ ఊసే మానుకుంటాడు, లేదా దళారి గుమ్మం తొక్కుతాడు. అందుకని పాస్, ఫెయిల్ లేకుండా, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఐటిఐలలో రెండు రోజుల తరగతి పెట్టి, హాజరును మాత్రమే రెన్యువల్‌కు షరతు చేయాలి. అక్కడ వర్క్‌షాపు, మీటర్లు, బోధకులు ఉన్నారు. సెలవు రోజుల్లో అవి ఖాళీగానే ఉంటాయి. ఆ రెండు రోజుల కూలి నష్టాన్ని ప్రభుత్వమే భరించడం న్యాయం. తరగతి తెలుగులో, బోర్డు మీద బొమ్మలతో కాక చేతిలో ఆర్‌సిసిబి, మెగ్గర్, ఎర్త్ టెస్టర్ పెట్టి జరగాలి.

ఇచ్ఛాపురం వాళ్లది మరో చిక్కు. వారికి పని దొరికేది సగం ఒడిశాలోని బరంపురంలో. పర్మిట్ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినదైనా, గుర్తించినదైనా కావాలని నిబంధనే అంటోంది కనుక, ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డుతో మన అధికారులు మాట్లాడి, ఒకరి పర్మిట్‌ను ఒకరు గుర్తించే ఏర్పాటును సరిహద్దు పనివారికి తెలిసేలా, తేలికయ్యేలా చేయాలి.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. పర్మిట్ పరీక్షల ప్రకటనలు, దరఖాస్తు గడువులు పల్లెల్లోని కుర్రాళ్లకు వాట్సాప్‌లో ఆలస్యంగా, ఒక్కోసారి తప్పుగా చేరుతున్నాయి. ఆ వివరాలను జిల్లా పేజీలో ఉద్యోగ సమాచారంతో పాటు క్రమం తప్పకుండా ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటిఐ బోధకుడు,
శ్రీకాకుళం.