పదోన్నతికి ముందే రాసుకోవాల్సిన పేజీ

సంపాదకుడికి,

యూనిఫాం ఉద్యోగాల్లో చేరాలనుకునే వాళ్ల కోసం రాత పరీక్ష గురించి, దేహదారుఢ్య పరీక్ష గురించి పత్రికల్లో చాలా వస్తుంది. చేరాక ఏమిటన్నది పెద్దగా కనిపించదు. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్, కంట్రోల్ రూమ్... ఎక్కడ చేరినా కొన్నేళ్లకు నలుగురి బాధ్యత నెత్తిన పడుతుంది. ఆ రోజు కోసం ‘వ్యక్తిగత నాయకత్వ ప్రణాళిక’ రాసుకోమని శిక్షణలో చెబుతారు, పదోన్నతి ఇంటర్వ్యూల్లో అడుగుతారు. ఆ కాగితాలు దిద్దే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి చెబుతున్నాం: వాటిలో చాలావరకు పేరు కొట్టేసి పక్కవాడి పేరు రాసినా చెల్లిపోయేవే. నిజాయితీ, క్రమశిక్షణ, ఒత్తిడిలోనూ ప్రశాంతత. ఎవరు కాదంటారు? రేపు ఉదయం డ్యూటీకి వెళ్లి ఏం మార్చుకోవాలో మాత్రం రాసినవాళ్లకే తెలియదు.

అసలు మొదలుపెట్టాల్సింది గుణాల నుంచి కాదు, నిర్ణయాల నుంచి. మూడేళ్లలో మీరు చేరాలనుకుంటున్న కుర్చీలో ఇప్పుడున్న మనిషి ఒక నెలలో ఏయే నిర్ణయాలు తీసుకుంటున్నాడో చూసి పది పదిహేను రాయండి. భవనం లోపలికి మనుషుల్ని పంపాలా, వెనక్కి పిలవాలా. అదనపు బలగం ఎప్పుడు అడగాలి. ఒకేసారి రెండు కాల్స్ వస్తే ఉన్న ఒక్క బండి ఎటు వెళ్లాలి. తప్పు చేసిన సహోద్యోగి మీద నివేదిక రాయాలా, మందలించి వదిలేయాలా. ప్రతిదాని పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: నేనే చేశాను, చేస్తుండగా చూశాను, ఎప్పుడూ ఎదురవలేదు. ఆ మూడో గుర్తు పడ్డవే మీ ప్రణాళిక. నిజాయితీగా పెడితే చాలామందికి సగం పైనే మూడో గుర్తు పడుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎదురవని నిర్ణయాన్ని ఎలా సాధన చేయాలన్నది తర్వాతి ప్రశ్న. 1980లలో గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అగ్నిమాపక కమాండర్లు నిర్ణయాలెలా తీసుకుంటారో పరిశీలించారు. వాళ్లు మూడు నాలుగు మార్గాలు పక్కపక్కన పెట్టి బేరీజు వేయడం దాదాపు కనిపించలేదు. పరిస్థితిని చూడగానే ఇది ఫలానా రకం అని గుర్తుపట్టి, మొదట తట్టిన మార్గాన్ని మనసులోనే ఒకసారి నడిపి చూసి, ఎక్కడా అడ్డు తగలకపోతే అదే చేస్తున్నారు. అంటే బుర్రలో ఎన్ని రకాల పరిస్థితులు నిల్వ ఉంటే అంత మేలు. వాటిని పెంచుకోవడానికి వారానికి పది నిమిషాలు చాలు. ఒక ఫొటో, నాలుగు వాక్యాల్లో పరిస్థితి. అరవై సెకన్లలో మీ ఆదేశం గొంతెత్తి చెప్పాలి. ఆ వెంటనే ఒక ప్రశ్న: ఏం కనిపిస్తే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను? ఆదేశం చెప్పడం దగ్గరే ఆగిపోయేవాళ్లు తొందరగా నిర్ణయించడం నేర్చుకుంటారు, తొందరగా తప్పు చేయడం కూడా.

ఇక గుణాల సంగతి. ‘ఒత్తిడిలో ప్రశాంతంగా ఉంటాను’ అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు. దాని స్థానంలో ఇలా రాయొచ్చు: ‘ఘటనా స్థలానికి చేరిన రెండు నిమిషాల్లో వైర్‌లెస్‌లో మూడు ముక్కలు చెబుతాను: ఏం కనిపిస్తోంది, ఏం చేయబోతున్నాం, ఏం కావాలి. నా ఆదేశాన్ని అవతలివాళ్లు తిరిగి చెప్పేదాకా అది అందినట్టు లెక్కేయను.’ రికార్డింగ్ వింటే చేశారో లేదో తేలిపోతుంది. ప్రణాళికలో ప్రతి వాక్యానికీ ఇదే పరీక్ష: పక్కన నిలబడ్డ మనిషి చూసి గానీ విని గానీ అవును, కాదు అనగలగాలి.

కొత్తగా ఇన్‌చార్జి అయినవాళ్ల విషయంలో మేం పదే పదే చూసే తప్పు ఒకటుంది. పని బాగా చేసినందుకే పదోన్నతి వచ్చింది కాబట్టి, ఉద్రిక్తత పెరగగానే చేతులు పాత పనికే పోతాయి. అధికారే హోస్ పట్టుకుంటాడు, అధికారే తలుపు బద్దలు కొడతాడు. ఆ కాసేపు మొత్తం దృశ్యాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. 1970లో కాలిఫోర్నియా కార్చిచ్చుల అనుభవం నుంచి పుట్టిన ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్‌లో (ఘటనా స్థలంలో ఎవరు ఎవరి కింద పనిచేయాలో చెప్పే పద్ధతి) ఒక అధికారి కింద నేరుగా ముగ్గురి నుంచి ఏడుగురు, వీలైతే ఐదుగురు అన్న లెక్క ఉంది. ఎనిమిదో మనిషి రాగానే మధ్యలో ఒకరికి బాధ్యత అప్పగించాలి. అందుకే ఆ పేజీలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: ఏయే పనులు ఇకపై నా చేత్తో చేయను.

1949 ఆగస్టులో అమెరికాలోని మోంటానాలో, మాన్ గల్చ్ అనే లోయలో పదహారు మంది అగ్నిమాపక సిబ్బంది కార్చిచ్చుకు చిక్కారు. ఫోర్‌మన్ వాగ్నర్ డాడ్జ్ ముందున్న గడ్డికి తనే నిప్పంటించి, ఆ కాలిన చోటులోకి రమ్మని అందరినీ పిలిచాడు. మంట తరుముకొస్తుంటే ఇంకో మంట పెట్టడం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ వెళ్లలేదు. పదమూడు మంది చనిపోయారు, బతికిన ముగ్గురిలో ఒకరు ఆ బూడిదలో పడుకున్న డాడ్జ్. అప్పటికప్పుడు కుదిరిన ఆ బృందంలో చాలామందికి అతనితో కలిసి పనిచేసిన అనుభవం లేదు. ఆలోచన సరైనదైనా, దాన్ని నమ్మడానికి కావాల్సిన పరిచయం ముందే ఉండాలి. దీన్ని ప్రణాళికలోకి తెచ్చుకోవడం తేలికే: ప్రతి షిఫ్ట్ మొదట్లో ఐదు నిమిషాలు. ఈరోజు ఎవరు ఏ స్థానంలో ఉంటారు, వైర్‌లెస్ మూగబోతే ఎక్కడ కలుస్తాం, ‘ఆపండి’ అనే హక్కు అందరికీ ఉందని ఒకసారి బయటికి చెప్పడం. ఆ హక్కును ఎవరైనా వాడుకున్న రోజున మీ ముఖం ఎలా పెట్టారన్నది వాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

మీ గురించి ఇతరులను అడగడం దగ్గరే చాలా ప్రణాళికలు కుంటుపడతాయి. కింది సిబ్బందిని గదిలోకి పిలిచి ‘నేనెలా పనిచేస్తున్నాను?’ అంటే వచ్చే జవాబు ఒక్కటే: ‘బాగుంది సార్’. పై అధికారులు ఇద్దరు, సమాన హోదా వాళ్లు ఇద్దరు, కింది వాళ్లు కనీసం ముగ్గురు కావాలి. ముగ్గురికి తగ్గితే ఎవరు ఏమన్నారో ఇట్టే తెలిసిపోతుంది. వాళ్ల జవాబుల కాగితాలు మీరు కాకుండా మీ శాఖతో సంబంధం లేని ఒకరు తీసుకుని, టైపు చేసి మీకివ్వాలి. ప్రశ్నలూ ఒక ఘటనకు కట్టేసినట్టు ఉండాలి: గత నెలలో ఫలానా కాల్‌లో నా ఆదేశం ఎక్కడ అర్థం కాలేదు? చెప్పాలనుకుని మీరు ఆగిపోయిన మాట ఏమిటి?

ఘటన తర్వాతి సమీక్ష ఇరవై నాలుగు గంటల్లోపు, ఇరవై నిమిషాలకు మించకుండా జరగాలి. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, వచ్చేసారి ఏం చేస్తాం. అధికారి మొదట తన తప్పే చెప్పాలి. అక్కడ దొరికిన సమాచారంతో ఎవరికైనా మెమో ఇచ్చారంటే ఆ రోజుతో సమీక్షలు అయిపోయినట్టే, తర్వాత జరిగేవి హాజరు కోసమే. ఒక హెచ్చరిక. మరణాలు చూసి వచ్చిన బృందాన్ని కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత మనసులో మాట బలవంతంగా చెప్పించడం వేరే వ్యవహారం. ఇటీవలే విషాదం చూసినవాళ్లకు ఆ తరహా డీబ్రీఫింగ్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పని మీద సమీక్షను దానితో కలపకండి. కావాల్సినవాళ్లకు సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పి, తర్వాతి వారాల్లో కనిపెట్టుకుని ఉండండి.

నిద్ర గురించి రాసిన ప్రణాళిక మాకు చాలా అరుదుగా కనిపిస్తుంది. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. తాగి వచ్చినవాణ్ని బండి ఎక్కనివ్వని అధికారి, ఇరవై గంటలు మేలుకుని తనే ఆదేశాలిస్తాడు. ఎన్ని గంటలు దాటితే బాధ్యత అప్పగిస్తారో అంకె రాయండి.

నైతిక విలువల గురించి పేరాలు అక్కర్లేదు. నివేదికలో సమయం మార్చమంటే, అనవసర బలప్రయోగం కళ్లముందు జరిగితే, స్నేహితుడు మద్యం తాగి డ్యూటీకి వస్తే: ఈ మూడింటికీ ఎవరికి చెబుతారు, ఎన్ని గంటల్లో చెబుతారు, అంతే. ఆ క్షణంలో ఆలోచించుకుందాం అనుకుంటే ఆ క్షణంలో స్నేహమే గెలుస్తుంది.

ఒకేసారి రెండు లక్ష్యాలకు మించొద్దు. పన్నెండు రాసిన కాగితాన్ని ఆరు వారాల తర్వాత రాసినవాళ్లే తెరిచి చూడరు. తొంభై రోజులకోసారి తేదీ వేసి సమీక్షించుకోండి, జరగనిదాన్ని కొట్టేసి ఎందుకు జరగలేదో పక్కన ఒక ముక్క రాయండి. బదిలీ అయితే నిర్ణయాల జాబితా మళ్లీ మొదటి నుంచి తయారుచేయాలి, స్టేషన్ మారితే నిర్ణయాలూ మారతాయి. పదోన్నతి తేదీని మాత్రం లక్ష్యంగా పెట్టుకోవద్దు, అది మీ చేతిలో లేనిది.

పేజీలో ఆఖరి గడి ఒక పేరు కోసం. రేపు మీరు డ్యూటీకి రాకపోతే మీ స్థానంలో ఆదేశాలిచ్చేది ఎవరు, ఈ నెలలో వాళ్లకు మీరు వదిలిపెట్టిన నిర్ణయం ఏది? ఆ గడి ఖాళీగా ఉంటే మిగతాది చదవకుండానే వెనక్కి ఇచ్చేస్తున్నాం.

ఇట్లు,
అత్యవసర సేవల శిక్షణలో పనిచేసే కొందరు