గరుడసేవ ముందురోజు రాత్రి

ఒరేయ్ మురళీ,

తిట్టు, పడతాను. నువ్వు రాసి రెండు నెలలు దాటింది. బ్రహ్మోత్సవాలకు ముందే జవాబు రాద్దామనుకున్నా, ఇంతలో అవి మీద పడ్డాయి. అయ్యాక రాద్దామంటే చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నా. రాత్రి ఒంటిగంటయింది, కౌంటర్లో నేనొక్కడినే. చెన్నై బస్సు వాళ్ళు దిగేదాకా ఎవరూ రారు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు పర్వాలేదు. చెల్లికి చంద్రగిరి సంబంధం కుదిరేలా ఉంది, కుదరగానే ఫోన్ చేస్తా. వానలు బాగా పడ్డాయి, స్వర్ణముఖిలో నీళ్ళు పారుతున్నాయి. నీ పసుపు చొక్కా ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఇవ్వను.

ఇక అసలు సంగతి.

మా లాడ్జిలో 32 గదులని తెలుసు కదా, వెబ్‌సైటు నేనే చేశాననీ తెలుసు. రూపాయి అడ్వాన్సు లేకుండా బుక్ చేసుకోవచ్చు, వచ్చాక కట్టొచ్చు. అది ఓనరన్న పట్టుదల. "కొండకొచ్చేవాళ్ళ దగ్గర ముందే లెక్క అడిగేదేందప్పా" అంటాడు. ఈసారి బ్రహ్మోత్సవాలు మొదలవగానే దొంగ బుకింగులు మొదలయ్యాయి. పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది, మనిషి మాత్రం రాడు. ఫోన్ చేస్తే నంబరు పనిచేయదు. మూడోరోజుకు 14 గదులు అట్లా తాళాలేసి ఉన్నాయి. కింద మెట్ల మీద చంటిబిడ్డలతో జనం కూర్చున్నారు. గదుల్లేవు అని చెబుతూ వాళ్ళ ముఖాలు చూడాలంటే ఎట్లుంటుందో ఆలోచించు.

ఆ రాత్రే సైటుకు ఎవరెప్పుడు వచ్చారో రాసిపెట్టే చిట్టాలు (లాగులు) తెరిచా. మొదట ఏమీ అర్థం కాలేదు, అందరూ ఒకే నాలుగైదు ఐపీ అడ్రసుల (నెట్ కనెక్షన్లకు ఉండే నంబర్లు) నుంచి వచ్చినట్టు కనబడ్డారు. తర్వాత గుర్తొచ్చింది, సైటుకు ముందు సీడీఎన్ (జనం అడిగేవి ముందుగా అందుకుని మన సైటుకు చేర్చే సర్వర్లు) పెట్టా కదా, అవి దాని అడ్రసులు. మనిషి అసలు అడ్రసును అది ఒక హెడర్‌లో, అంటే కవరు మీద రాతలాంటిదాంట్లో, పెట్టి పంపుతుంది. ఆ హెడర్‌ను ఎవరైనా తమకు తోచినట్టు రాసుకోవచ్చు కాబట్టి, సీడీఎన్ నుంచి వచ్చినప్పుడే దాన్ని నమ్మాలి. అది సరిచేశాక అసలువి బయటపడ్డాయి. ఒకటి జర్మనీ, ఒకటి నెదర్లాండ్స్, ఇంకోటి రొమేనియా. ఒక్కొక్కటి చేత్తో బ్లాక్ చేస్తూ తెల్లారేదాకా కూర్చున్నా. ఒకటి మూస్తే పది నిమిషాలకు ఇంకోటి వస్తుంది. ఓనరన్న టీ తెచ్చిచ్చి, "జర్మనీ వాళ్ళకు మన మీద ఏం పగ సామీ?" అన్నాడు. నిజంగానే బాధపడుతూ అడిగాడురా.

పొద్దున్నే ఒక అడ్రసుకు పేరేముందో వెనక్కి వెతికితే, ఆ పేరులోనే 'టార్ ఎగ్జిట్' అని ఉంది. అప్పుడు తెలిసింది, ఆ దేశాలకూ ఆ మనుషులకూ సంబంధమే లేదని.

టార్ అంటే నీకు మన క్లాసు చీటీతో చెబుతా. చివరి బెంచీ నుంచి ముందు బెంచీకి చీటీ పోవాలంటే ముగ్గురి చేతులు మారేది కదా. మొదటివాడికి రాసిందెవరో తెలుసు, ఎవరికో తెలీదు. చివరివాడికి ఎవరికివ్వాలో తెలుసు, రాసిందెవరో తెలీదు. మధ్యవాడికి రెండూ తెలీవు. టార్ చేసేదీ అదే, కాకపోతే ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి తాళాలు వేసి పంపుతుంది. ఒక్కొక్కరు ఒక్కో పొరే విప్పగలరు. 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన ఇది, 2006 నుంచి లాభాపేక్ష లేని ఒక సంస్థ నడుపుతోంది. మన సైటుకు కనబడేది చివరి చెయ్యి చాపినవాడి అడ్రసు మాత్రమే. లెక్కల సారు నిన్ను పట్టుకున్నట్టు! ఆ చీటీ రాసింది ఎవరో నువ్వు ఇంతవరకూ చెప్పలేదు. నేనూ అడగను.

అసలు ఆశ్చర్యం ఏమిటంటే, ఆ చివరి చేతులు, అంటే బయటికి తెరుచుకునే గుమ్మాలు, వాటి జాబితాను టార్ వాళ్ళే అందరికీ కనబడేలా పెడతారు. ఎవరైనా అడిగి చూసుకోవచ్చు. అడిగే తీరు నాకు భలే నచ్చింది. 203.0.113.45 అనుకో (ఉదాహరణల కోసమే కేటాయించిన నంబరు, ఎవరిదీ కాదు). దాన్ని తిరగేసి 45.113.0.203 అని రాసి, పక్కన డిఎన్ఎస్ఈఎల్ డాట్ టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్ అని చేర్చి, మామూలు డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే అడ్రసు చెప్పే వ్యవస్థ) ప్రశ్నలాగే అడగాలి. 127.0.0.2 అని జవాబొస్తే అది టార్ గుమ్మం. కాకపోతే అలాంటి పేరే లేదంటుంది. స్క్రీన్ మీద మా దొంగ బుకింగులు ఒక్కొక్కటే వేస్తుంటే 127.0.0.2, 127.0.0.2, మళ్ళీ 127.0.0.2. చేతులు వణికాయిరా సంతోషంతో.

తొందరలో ఒక తప్పు కూడా చేశా. చివరి గుమ్మాల జాబితా తీసుకోకుండా, టార్ మెషిన్ల మొత్తం జాబితా దించి అన్నిటినీ మూసేశా. మధ్యాహ్నానికి బెంగళూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్. టెలిఫోన్ల శాఖలో రిటైరైన మనిషి, ఐదేళ్ళుగా మా దగ్గరే దిగుతాడు. "మీ సైటు నన్ను రానీయడం లేదు, నేనేం చేశాను నాయనా?" అన్నాడు. ఆయన ఇంట్లో ఒక మధ్య చేతిని నడుపుతాడట. దాని గుండా ఎవరూ ఏ సైటుకూ నేరుగా రాలేరు, అది బయటికి తెరుచుకునే గుమ్మమే కాదు. మూసేసినందువల్ల ఆగిపోయింది సొంత పనికి వచ్చిన ఆ పెద్దాయనే. అరగంట సేపు ఓపికగా చెప్పాడు. క్షమాపణ అడిగి, చివరి గుమ్మాలు మాత్రమే ఉంచా.

గరుడసేవ ముందురోజు రాత్రి 9 గంటలకు కొత్త నియమం పెట్టా: టార్ గుమ్మం నుంచి వచ్చిన బుకింగులన్నీ రద్దు. ఒక్క దెబ్బతో 11 గదులు తెరుచుకున్నాయి. మెట్ల మీద వాళ్ళంతా లోపలికొచ్చారు. ఒక తాత గది తాళంచెవి కళ్ళకద్దుకున్నాడు. ఓనరన్న నా భుజం తట్టి వెళ్ళాడు. ఆ రెండు గంటలూ నేనెంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

11.40కి ఒకామె వచ్చింది.

ముప్పై ఏళ్ళుంటాయి. భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు, వాడి ఒక కాలికే చెప్పుంది. చేతిలో చిన్న సంచి. గది బుక్ చేశానంది. నంబరు చెప్పమ్మా అంటే అరచెయ్యి చాపింది. పెన్నుతో రాసుకుంది, చెమటకు చివరి రెండంకెలు చెదిరిపోయాయి. ఆ అరచెయ్యి నాకు ఇంకా కళ్ళముందే ఉందిరా. మిగతా అంకెలతో వెతికితే దొరికింది. రద్దయిన 11లో ఒకటి. ఆ గదిలో అప్పటికే సేలం వాళ్ళు పడుకుని ఉన్నారు.

"మెయిల్ పంపామమ్మా, ఫోన్ నంబరు కూడా పనిచేయలేదు" అన్నా. ఫోన్ కావాలనే ఇంట్లో వదిలేసి వచ్చానంది, ఇచ్చిన నంబరు తనది కాదంది. తర్వాత మెల్లగా, "ఇంట్లో నేను ఏది చూసినా ఆయనకు తెలిసిపోతుందన్నా. ఆఫీసులో ఒకామె ఈ టార్ బ్రౌజర్ చెప్పింది, మూసేస్తే ఏమీ మిగలదంది" అంది. కాసేపాగి, "నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. ఆమెది ఏ ఊరో నీకు కూడా చెప్పను.

ఓనరన్న భార్య, మా అక్క, పైనుంచి దిగొచ్చింది. ఒక్క మాట అడగలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని, ఆమెను పైకి తమ ఇంట్లోకి తీసుకెళ్ళింది. సంగటి, ఊరిమిండి పెట్టిందని పొద్దున చెప్పింది. రెండురోజులున్నారు. కొండకెళ్ళి పిల్లాడికి గుండు చేయించుకొచ్చారు. వాడు బోడిగుండు తడుముకుంటూ మా కౌంటర్ చుట్టూ ఒకటే పరుగులు. మూడోరోజు ఎవరో పెద్దావిడ వచ్చి తీసుకెళ్ళింది. ఎవరో మేమడగలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గంగజాతర గుర్తొచ్చింది. నువ్వు మాతంగి వేషం కట్టిన ఏడు, మీ అమ్మే నిన్ను గుర్తుపట్టక పక్కకు జరిగింది, గుర్తుందా? అందరూ వేషమంటే దాక్కోవడం అనుకుంటారు. కానీ మన కథలో దాక్కున్నది పాలెగాడు కదరా. ఆడపిల్లల జోలికొచ్చినవాణ్ణి వెతకడానికి గంగమ్మే వేషాలు మార్చింది. మరి నేను చేసిందేమిటి? వేషం కనబడగానే వాకిలి మూసేశా. లోపల ఉన్నదెవరో చూడలేదు. ఆ జాబితా అబద్ధం చెప్పలేదు, అది వేషమని మాత్రమే చెప్పింది. దొంగ అన్నది నేను.

మర్నాడు పాత రిజిస్టరు ముందు పెట్టుకున్నా. టార్ వాళ్ళదే ఎక్సోనరేటార్ అని ఒకటుంది, ఫలానా రోజు ఫలానా అడ్రసు టార్‌ది అవునా కాదా చెబుతుంది. అంతకుముందు వారాల బుకింగులన్నీ దాంట్లో వేసి, రిజిస్టరులో సంతకాలతో పోల్చా. టార్ నుంచి వచ్చినవి 26. అందులో నలుగురు నిజంగా వచ్చారు, ఉన్నారు, లెక్క కట్టి వెళ్ళారు. ఒకాయన వెళ్తూ లడ్డూ కూడా ఇచ్చాడు, నేనే తిన్నా. నలుగురు! మూసిన రాత్రి ఆమె ఐదోది.

ఇంకోటి కూడా తేలింది. దొంగ బుకింగుల్లో రెండు అసలు టార్‌వే కావు, సర్వర్లు అద్దెకిచ్చే ఒక కంపెనీ అడ్రసులు. ఏదో వీపీఎన్ (మన అడ్రసు దాచి తన అడ్రసు చూపించే సర్వీసు) అయ్యుండాలి. వాటికి ఇట్లా పక్కా జాబితా ఉండదు. ఆ అడ్రసు ఎవరి పేరున ఉందో చూసి ఊహించుకోవాల్సిందే. పక్క వీధివాడే చేయిస్తున్నాడని ఓనరన్న అనుమానం. నేనేమీ అనలేను, ఎందుకంటే నా దగ్గరున్నవి అంకెలే. ఈ అంకెలు పట్టుకుని ఒకడి ముఖం మీద... వద్దులే, అది ఇంకో ఉత్తరం.

ఇప్పుడు చేసింది ఇది. టార్ నుంచి వస్తే రద్దు చేయం. అట్లాంటివి ఒకేసారి నాలుగు గదులకు మించి తీసుకోం, రాత్రి 10 దాకా ఆపుతాం. దారిలో ఏ అంగడి ఫోన్ నుంచైనా సరే, బుకింగ్ నంబరు చెబితే తెల్లారేదాకా ఉంచుతాం. ఈ మాటలన్నీ మెయిల్లో కాకుండా, బుక్ చేసిన పేజీ మీదే పెద్దక్షరాలతో కనబడతాయి. ఇంతవరకూ దొంగవాళ్ళెవరూ ఫోన్ చేయలేదు. ఆరుగురు నిజమైనవాళ్ళు చేశారు.

అక్క ఇంకొకటి తేల్చేసింది. 108వ గది రాత్రి ఎంత రద్దీ ఉన్నా, మూడువేలు ఇస్తామన్నా, ఎవరికీ ఇవ్వకూడదు. ఓనరన్న ఎదురు చెప్పలేదు. తాళంచెవి నా డ్రాయర్లోనే ఉంటుంది. రోజూ పొద్దున నేనే దుప్పటి మార్చి...

అదిగో, హారన్. చెన్నై బస్సు ఇవాళ ముందే వచ్చేసింది, యాభై మంది ఉన్నట్టున్నారు. ఆ చిన్న చెప్పు గురించి చెప్పాలి నీకు, అది మెట్ల కింద దొరికిందిరా, ఆమె వెళ్ళిన తర్వాత. ఉంటా, దిగుతున్నారు.

నీ
శీను