పెన్‌డ్రైవ్‌లో వేసి ఫోన్ ఖాళీ చేయకు

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నీ మాట విన్నప్పటి నుంచి మనసు నిలకడగా లేదు. కొమురవెల్లి చుట్టుపక్కల ఊళ్లలో రికార్డు చేసిన ఒగ్గుకథలన్నీ ఒక్క పెన్‌డ్రైవ్‌లో వేశానన్నావు, ఇక ఫోన్‌లోంచి తీసేస్తానన్నావు. తీసేయకు. మల్లన్న కథ, బీరప్ప కథ పాడిన ఆ పెద్దమనుషులు మళ్లీ అంత ఓపికగా కూర్చుని పాడతారని చెప్పలేం.

సుబేదారిలో మన జిరాక్స్ షాపుకు యూనివర్సిటీ పిల్లలు రోజూ పెన్‌డ్రైవ్‌లు తెస్తారు. థీసిస్ బైండింగ్‌కు ఇచ్చే రోజునే అది ఓపెన్ కాక, కౌంటర్ దగ్గర ఏడ్చిన పిల్లలు ఉన్నారు. ముందురోజు వరకూ బాగానే పనిచేసి ఉంటుంది. హార్డ్ డిస్క్ అయితే కొన్నిసార్లు టకటక చప్పుడు చేసి ముందే చెప్తుంది. పెన్‌డ్రైవ్ చాలాసార్లు ఏమీ చెప్పకుండానే పోతుంది.

లోపల ఉండేది నాండ్ ఫ్లాష్ అనే చిప్. 1980లలో తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా రూపొందించిన పద్ధతి అది. నీ పాట అందులో చిన్న చిన్న గదుల్లో కరెంటు చార్జ్‌గా నిలబడి ఉంటుంది. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ గది గోడ కొంచెం అరుగుతుంది. ఇప్పుడు చవకగా దొరికే వాటిలో ఒక్కో గదిలో మూడేసి బిట్లు (సమాచారపు చిన్న ముక్కలు) కుక్కుతారు కాబట్టి, సుమారు వెయ్యిసార్లు రాసి చెరిపేసరికే గది బలహీనపడుతుంది. నువ్వు అన్నిసార్లు రాయవు, నిజమే. కానీ రాయకుండా బీరువాలో పడేసినా చార్జ్ మెల్లగా కారిపోతుంది, కుండలో నీళ్లు కనపడకుండా ఇంకిపోయినట్టు. వేడి తగిలితే ఇంకా తొందరగా పోతుంది. మే నెలలో వరంగల్ ఎండకు స్కూటీ డిక్కీలో పెట్టి తిరిగితే దాని గతి ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

చిప్ బాగున్నా, దాన్ని నడిపించే కంట్రోలర్ పోతే లోపలున్నది కంప్యూటర్‌కు కనపడదు. ల్యాప్‌టాప్‌కు పెట్టి ఉండగా మోచేయి తగిలితే టంకం ఊడిపోవచ్చు. కాపీ అవుతుండగా లాగేస్తే, ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టిక సగంలో ఆగి, ఫైళ్లన్నీ గల్లంతు కావచ్చు. 2018 చివరి నుంచి విండోస్ కొంత జాగ్రత్త తనే తీసుకుంటోంది. అయినా నువ్వు ఎజెక్ట్ నొక్కే తీయి.

ఎప్పుడైనా ‘ఫార్మాట్ చేయాలి’ అని వస్తే మాత్రం ఓకే నొక్కకు. కొత్తగా ఏ ఫైలూ అందులో వేయకు. తీసి పక్కన పెట్టి, డేటా రికవరీ తెలిసినవాళ్లకు ఇవ్వు. పాతదాని మీద కొత్తది రాస్తే ఇక ఎవరూ తీయలేరు.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే 1 టీబీ అని అమ్మేవి అసలే కొనకు. లోపల చిన్న చిప్ పెట్టి, కంప్యూటర్‌కు పెద్దదిగా కనపడేలా చేస్తారు. నిండిన తర్వాత వేసిన ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి కానీ లోపల ఏమీ ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చూస్తే నిజం తేలుతుంది. నువ్వు ఇప్పుడు వాడేదాన్ని కూడా అలా చూడమంటాను. అయితే అందులోని పాటలు ఇంకోచోట భద్రంగా వేశాకే చెయ్యి.

ఇక్కడి నుంచి అక్కడికి మోయడానికి పెన్‌డ్రైవ్ మంచిదే, మా షాపు నడిచేదే దాని మీద. దాచుకోవడానికి మాత్రం అది చాలదు. ఇలాంటి పని చేసేవాళ్లు మూడు కాపీలు పెడతారు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట. నీకు ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో ఉంటే, మూడోది హాస్టల్ వైఫైలో గూగుల్ డ్రైవ్‌కు ఎక్కించు. కాపీ అయిందని వదిలేయకుండా, ఒక్కో ఫైల్ తెరిచి మొదలు, నడుమ, చివర విను. ఊరి పేరు, పాడినవాళ్ల పేరు, తేదీ ఫైల్ పేరులోనే రాయి.

హార్డ్ డిస్క్ నేను కొని పెడతాను, డబ్బుల గురించి టెన్షన్ పడకు. శనివారం కాజీపేటలో దిగేటప్పుడు ఫోన్, పెన్‌డ్రైవ్ రెండూ ఉన్నవి ఉన్నట్టే తీసుకురా. రాత్రి షాపు మూసేశాక ఇద్దరం కూర్చుని కాపీ చేద్దాం. బీరప్ప కథ మీ అమ్మ కూడా వింటానంటోంది.

మీ బాపు